చంద్రకాంతమ్మ పీట

పలమనేరు దగ్గరి ఒక ఊళ్లో, పాలకేంద్రంలో ఇరవై రెండేళ్లుగా చంద్రకాంతమ్మ వేలిదే తీర్పు. పీటమీద కూర్చొని, పాలలో వేలు ముంచి, గోటిమీద బొట్టు నిలిచిన తీరు చూసి, “కోమలీ, దాహం మీ ఆవుకా, నీకా?” అని అడిగేది. నీళ్లు కలిపిన కోమలి నోటికి కొంగు అడ్డం పెట్టుకొనేది.

ఈమధ్య పాలసంఘంవారు పరీక్షయంత్రం పంపారు. దాని వెంట వచ్చిన సూపర్‌వైజర్ జయచంద్ర గంటసేపు ఉపన్యసించాడు, మిక్చర్ పొట్లాలు పంచాడు. ఒక్క పొరపాటే చేశాడు: చోటు చాలలేదని చంద్రకాంతమ్మ పీటను మూలకు నెట్టించాడు. మరునాటినుంచి ఆమె రాలేదు. ఆడవాళ్లు మాత్రం వచ్చి, పీటలేని చోటును చూసి, పాలతో వెనుదిరిగారు. మిక్చర్‌ను మాత్రం వెనక్కివ్వలేదు.

నాలుగోనాడు జయచంద్ర ఆమె ఇంటికి వచ్చాడు.

“అమ్మా, శనివారం లోపల పాలు రాకుంటే కేంద్రం మూసేస్తారంట. మీవాళ్లు పక్కూరి కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు మోసుకోనిపోవాల. మీరు పిలిస్తే వస్తారు.”

“దానికేం నాయనా, మీ మిషన్నే పిలవమను. సదువుకున్నది కదా!”

అన్నదేగాని, ఆ నాలుగు కిలోమీటర్లు ఆమెకు తెలుసు. కేంద్రం రాకముందు క్యాను నెత్తిన పెట్టుకొని నడిచిన దారి అది. అయినా తన మనుషులను ఎవరి చేతిలో పెడుతున్నదో తేల్చుకోవద్దా? తెల్లవారగానే తన ఆవు పాలలో, జీవితంలో మొదటిసారి, అరచెంబు నీళ్లు కలిపి బయలుదేరింది. తగాదా చూద్దామని ఊరంతా పాలక్యాన్లతో సహా వెనకే వచ్చింది.

యంత్రం గుర్రుమని, నీళ్లు పన్నెండు శాతమని చూపింది.

“అక్కా, దాహం ఎవరికో?” అన్నది కోమలి. ఎన్నేళ్లుగా దాచుకొన్న మాటో!

జయచంద్ర తడబడ్డాడు. “మళ్లొకసారి సూస్తానమ్మా...”

యంత్రం అబద్ధమాడిందని ఆమె ఒక్కమాటంటే చాలు, ఊరంతా నమ్మేది. చంద్రకాంతమ్మ గొంతు సవరించుకొన్నది.

“నిజమే సెప్పినాది. అరచెంబు నేనే కలిపినా, దీన్ని పరీక్ష చేద్దామని. నా వేలిని మీరు ఏమార్చినారేమో గానీ, దీన్ని ఏమార్చలేరు. పొయ్యండి పాలు!”

నవ్వులమధ్య క్యాన్లు వరుసకట్టాయి. జయచంద్ర తానే వెళ్లి మూలనున్న పీట తెచ్చి, దుమ్ము తుడిచి, యంత్రం పక్కన వేశాడు. ఆమె కూర్చొని, యంత్రంనుంచి వచ్చిన తొలి చీటీ అందుకొని చూసింది.

“కోమలీ! ఈ దినం మీ ఆవుకు దాహం లేదే! ఒళ్లు బాగుండాదా?”