దాలమ్మ పన్నెండడుగుల నీడ

నీరు పల్లమెరుగు అంటారు. ఎవరన్నారో గానీ కొండవలస గెడ్డ అనే ఈ వాగును చూసి మాత్రం అని ఉండరు. ఆ గెడ్డ నీరు పల్లానికి దిగాలంటే ముందు మిట్టనున్న కొండవలస వాళ్లు ఒప్పుకోవాలి. రాజాంకి పడమటగా, మీద కొండవలస, రెండు మైళ్ల దిగువన గెడ్డపేట, రెండూళ్లూ ఆ ఒక్క గెడ్డ మీదే బతికేవి. అదే జిల్లాలో నాగావళి ఒడ్డువాళ్లు రెండు పంటలు తీసి ధాన్యం ఎక్కడ పొయ్యాలో తెలియక తికమకపడుతుంటే, పట్టుమని పది కోసుల దూరం లేని ఈ ఊళ్లవాళ్లు చోడి అంబలి తాగి మబ్బుల వైపు చూసేవాళ్లు. దేవుడు నదులు గీసేటప్పుడు ఇటు చెయ్యి తిప్పడం మరిచిపోయాడు, అంతే.

అందుకే పాతకాలం పెద్దలు నీటికి నీడతో హద్దు పెట్టారు. గెడ్డకి అడ్డంగా రాతికట్ట. దాని మీద నీటికావలి ఉంటాడు. పొద్దు పొడిచింది మొదలు, మధ్యాహ్నం తిరిగి, అతని నీడ అతని పాదాలతోనే పన్నెండడుగులు సాగేదాకా నీరు కొండవలసది. పన్నెండో అడుగు పడగానే కొండవలస కాలవకి చెక్క వేసెయ్యాలి. అక్కణ్ణుంచి మర్నాడు పొద్దు పొడిచేదాకా గెడ్డపేటది.

అరవై ఎనిమిదిలో వానలు మొహం చాటేశాయి. గెడ్డ పిల్లకాలవంత అయింది. సరిగ్గా అప్పుడే గెడ్డపేట అప్పలసూరి, తాతల నాటి నుంచీ నీటికావలి చేసే ఇంటివాడు, కట్ట మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. మర్నాడు అతని భార్య దాలమ్మ కొంగు నడుముకి బిగించి కట్టెక్కింది.

దాలమ్మ పొట్టి మనిషి. అదే పెద్ద గొడవైంది.

"ఆ పాదం సూడండి, సంటిపిల్ల పాదం. పన్నెండడుగులు ఇట్టే నిండిపోతాయి. మన నీరు కోసేస్తాది" అన్నారు కొండవలస వాళ్లు.

"మనిషే జానెడు. ఆ నీడ పన్నెండడుగులు సాగేసరికి పొద్దు గూకిపోతాది. మన పంట ఎండిపోతాది" అన్నారు గెడ్డపేట వాళ్లు.

పుట్టి బుద్ధెరిగాక ఆ రెండూళ్లూ ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే. ఒకే మనిషి వల్ల ఇద్దరూ ఎలా నష్టపోతారని అడిగిన బుర్ర మాత్రం ఒక్కటీ లేదు.

కొండవలస నరసింగరావు రాజాంలో ధాన్యం వ్యాపారి. కొత్తగా చేతి గడియారం కొన్నాడు. కొన్నాక దాన్ని పదిమందికీ చూపించాలి కదా! "ఇంకా నీడలేటి, అడుగులేటి? నా గడియారం ఉన్నాది" అన్నాడు.

"బాబూ, తవరి గడియారం తవరొక్కరికే కనిపిస్తాది. నీడ అందరికీ కనిపిస్తాది" అంది దాలమ్మ. అని, గెడ్డపేటలో తాటిచెట్టంత మనిషి కొండబాబుని పిలిచింది. "ఇలా వొచ్చి నా పక్కన నిలబడ్రా. నీ నీడ నీ పాదంతో కొలువు. నాది నేను కొలుస్తాను."

ఇద్దరి నీడల కొసలా రెండు గులకరాళ్లు పెట్టారు. మడమకి వేలు ఆనిస్తూ ఇద్దరూ నడిచారు. పన్నెండో అడుగు ఎవరి రాయి దగ్గర వాళ్లకి పడింది.

"పొట్టిదానికి దేవుడు పొట్టి పాదమే ఇచ్చాడు. ఆపాటి తెలీదేటి మీకు?" అని దాలమ్మ వెళ్లి చెక్క వేసేసింది.

అయినా రోజూ రెండూళ్ల నుంచీ నలుగురేసి కట్ట దగ్గర కాపలా కాసేవారు. దానికో కారణముంది. దాలమ్మ మెట్టినిల్లు గెడ్డపేట అయితే, పుట్టిల్లు కొండవలస. ఆమె అన్న జోగయ్య మడి కొండవలస కాలవకి చిట్టచివర ఉంది. నీరు అందరి మడులూ తడిపి, మిగిలితే అతనిది.

నెల తిరిగేసరికి వరి పొట్ట మీదికొచ్చి, కంకి వెయ్యబోతోంది. గెడ్డలో ఇంకొక్క తడికి సరిపడా నీరుంది. ఆ రోజే చుక్క రాల్చని మబ్బొకటి వచ్చి ఆకాశమంతా కమ్మేసింది. ఎండా లేదు, నీడా లేదు.

మధ్యాహ్నం తిరిగాక జోగయ్య పరిగెత్తుకుంటూ వచ్చి గొంతు తగ్గించాడు. "సెల్లీ, సగం మడి తడిసింది. ఇంకో గడియ వొదిలేవంటే గట్టెక్కిపోతాను. నీడ నేదు కదే, ఎవుడికి తెలుస్తాది?"

దాలమ్మ గుండె నీరైపోయింది. తండ్రి పోతే భుజాన ఎత్తుకు పెంచిన అన్న. అతనింట్లో నలుగురు పిల్లలు. గడియ ఆగితే నిజంగానే ఎవరికీ తెలియదు. కానీ దిగువన గెడ్డపేటలోనూ వరి పొట్ట మీదే ఉంది, అక్కడా పిల్లలున్నారు. నెల్లాళ్లు అదే రాయి మీద నిలబడిన కాళ్లకి పొద్దు ఎక్కడిదాకా వాలిందో తెలుసు.

"నాకు తెలుస్తాదన్నా" అంది. వేళయ్యేదాకా ఆ రాయి మీదే నిలబడింది. "పన్నెండడుగులయ్యాయి" అని చెక్క దించేసింది. దించి, చెరువు పొంగినట్టు ఏడ్చింది.

కాపలావాళ్లలో ఉన్న నరసింగరావు గడియారం చూసుకున్నాడు. ఆమె తప్పు పట్టుకోవాలని నెల్లాళ్లుగా రోజూ చూసుకుంటూనే ఉన్నాడు మరి. "నిన్నా ఇదే టైము" అన్నాడు, కాస్త చిన్నబోయి.

మర్నాటి నుంచి కట్ట దగ్గరికి కాపలాకి ఒక్కడూ రాలేదు. అప్పలసూరి కాలు బాగుపడ్డాక కూడా రెండూళ్ల పెద్దలూ కబురంపారు: నువ్వు ఇంటి దగ్గరే ఉండు, కట్ట మీదికి దాలమ్మనే పంపు.

జోగయ్యకి ఆ ఏడు సగం మడి తాలుపోయింది. కోతలయ్యేదాకా చెల్లెలితో మాట్లాడలేదు. తర్వాత రాజాం సంతలో ఎవడో వేళాకోళానికి "సొంత సెల్లెలే నీ నోట్లో మన్ను కొట్టీసింది కదరా" అన్నాడు.

జోగయ్య నెత్తి మీది బస్తా దించి మరీ సమాధానం చెప్పాడు.

"నా మడి ఎండిపోనాది, నిజమే. గానీ మబ్బేసిన రోజున రెండూళ్లూ ఎవుళ్ల మొహం సూసి పొద్దు తెలుసుకుంటన్నాయో తెలుసా? మా దాలమ్మ మొహం సూసి. దాన్ని ఎత్తుకు పెంచినోణ్ణి నేను."