పేరు పెట్టి పిలిచిన గొంతు

తాగే ముందు అనసూయమ్మ చెంబును ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. పొలం పక్కన మందుల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచీ ఇదే అలవాటు. ఆ రోజూ బోరు నీళ్లు కంపు కొట్టాయి. చెరువు మీద పసుపు రంగు పొగమంచు కదలకుండా ఉంది. చౌరస్తాలో సర్కారు పెట్టిన పెద్ద తెర మీద మాత్రం అదే చెరువు నీలంగా, కొంగలతో మెరుస్తోంది. మధ్యాహ్నం ఫోన్ మోగింది. చనిపోయిన పెనిమిటి గొంతు. ఫ్యాక్టరీని పెద్దది చేయడం గురించి మర్నాడు ఊళ్లో సభ ఉంది. ఇట్లాంటి సభలకు ముందు సర్కారు ప్రతి ఇంటికీ, ఆ ఇంట్లో పోయినవాళ్ల గొంతునే మిషన్‌తో పలికించి ఫోన్ చేయిస్తోంది.

“అనసూయా, మంచిగున్నవా? నీళ్లు సాఫైనయి. రేపు సభల గదే చెప్పు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏందత్తమ్మా, మామనేనా?” అంది కోడలు నిహారిక.

“గొంతు మామదే. మనిషి కాదు. ఆయన ‘ఇగో’ అనుడే గని, నన్ను ఎన్నడన్న పేరు పెట్టి పిలిచిండా?” అని నవ్వింది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్ వస్తే, ఆ పిలుపు ఇంకోసారి వినేదాకా చెవి దగ్గరే ఉంచుకుంది. తర్వాత సభకు పోయి, అందరికంటే ముందు లేచి, “నీళ్లు కంపు కొడుతున్నయి సారూ” అంది.