లే, లీడరమ్మా

రాత్రి నానబెట్టిన ఎండు ద్రాక్షను పలుచటి గుడ్డలో మూటకట్టి రెండు చేతులతో పిండుతోంది రెబెకా. ఒక్కసారే గట్టిగా పిండితే తొక్కల వగరు దిగుతుంది. ఆగి ఆగి పిండాలి. గుడిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం, ఉన్నప్పుడల్లా ఈ పని ఆమెదే.

పెద్దమందడి మెథడిస్టు సంఘం తనలోనుంచి ఎన్నుకున్న పెద్ద ఆమె. లే లీడరు అంటారు. పాస్టరు శ్రీనాథ్ నాలుగూళ్లు తిరుగుతాడు. ఆయన లేనప్పుడు గుడి తలుపు తీసేదీ, వాక్యం చదివేదీ, మొగుడూపెళ్లాల తగువు తీర్చేదీ ఆమే. అయితే రొట్టె, రసం ఆశీర్వదించి ఇచ్చే అధికారం మాత్రం పాస్టరుదే.

"లే అంటే లేచుడే గద! అందుకే నిన్ను కూసోనియ్యరు," అని సంఘంలోని ముసలి జోగులమ్మ నవ్వేది.

ఆ జోగులమ్మే ఇప్పుడు మంచంలో ఉంది. వనపర్తి దవాఖానవాళ్లు ఇంటికి పంపేశారు. పోయేలోగా ఆ రొట్టె, రసం సంస్కారం కావాలని పొద్దున కబురు పెట్టింది. పాస్టరేమో కల్వకుర్తిలో ఉన్నాడు. "సాయంత్రానికొస్త, తయారు పెట్టమ్మా," అన్నాడు ఫోన్లో.

గిన్నె మీద గుడ్డ కప్పి జోగులమ్మ ఇంటికి తీసుకొచ్చేసరికి ఆమె కోడలు రోజా గడపలోనే ఎదురైంది.

"గుక్కెడు నీళ్లు ముట్టలేదక్కా. సంస్కారం తీసుకునే దినం ఎంగిలి పడదట."

రెబెకా మంచం పక్కన పీట మీద కూర్చుంది. ముసలామె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"తెచ్చినవా బిడ్డా? ఇయ్యి."

"అయ్యగారు వస్తుండు పెద్దమ్మా. అంతల జర నీళ్లు తాగు."

"పిండింది నువ్వు, మోసుకొచ్చింది నువ్వు. నోట్ల పోసెతందుకేమైంది?"

"నాకు అధికారం లేదు."

"లేదట! లే లీడరంటే గిదేనా?" జోగులమ్మ ఆమె కొంగు పిడికిట్లో పట్టుకుంది.

రోజా వంగి చెవిలో అంది: "తలుపేస్తనక్కా. ఎవరు జూస్తరు?"

రెబెకా వేళ్లు గిన్నె మీది గుడ్డను తాకి ఆగిపోయాయి. ఇస్తే సంఘం అప్పగించిన పనికి హద్దు దాటినట్టు. ఇవ్వకుంటే, పాస్టరు ఆలస్యమైతే, ఈమె ఎండిన నాలుకతోనే పోతుంది. లేచి పోదామంటే కొంగు ఆ పిడికిట్లో ఉంది.

"నేను పోస్తే అది ఉత్త రసమే పెద్దమ్మా. నువ్వడిగింది రసం కాదు గద."

జోగులమ్మ కళ్లు మూసుకుంది, పిడికిలి మాత్రం వదల్లేదు. రోజా చెంబుతో నీళ్లు తెచ్చి రెబెకాకు ఇవ్వబోయింది.

"ఆమె తాగేదాంక నాకూ వద్దు."

వనపర్తి దాకా వచ్చాక అక్కడ బస్సు దొరకలేదని పాస్టరు మళ్లీ ఫోన్ చేశాడు. రెబెకా కీర్తన చదివింది, ప్రార్థించింది, విసనకర్రతో విసిరింది. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, ప్రతిసారీ చేయి ఆపి చెవి దగ్గరపెట్టి విన్నది. నడుము పట్టేసింది. గిన్నె వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

పొద్దు గుంకుతుండగా పాస్టరును ఎక్కించుకొచ్చిన ఎవరిదో మోటారుసైకిల్ వాకిట్లో ఆగింది. పాస్టరు చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాడు. పీట ఒక్కటే ఉంది.

జోగులమ్మ కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. పిడికిలి సడలింది.

"లే, లీడరమ్మా. అయ్యగారిని కూసోనియ్యి."

రెబెకా లేచింది. గుడ్డ తీసి, గిన్నెను రెండు చేతులతో పాస్టరు చేతుల్లో పెట్టింది.