ఇనుమెంత కాగిందో నీళ్లనడగాల

ఆళ్లగడ్డలో మాకు సైన్సు చెప్పిన టీచరమ్మ శుక్రవారం నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లింటికి పోదామనుకుంటుండగానే ఆ కబురు ఫోనులో వచ్చింది. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసిన జవాబొకటి నా దగ్గరే ఉండిపోయింది.

మా ఊళ్లో విగ్రహాలు చెక్కేవాళ్లు ఎక్కువ. ఉలి మొద్దుబారితే కొలిమిలో కాల్చి, కొన మాత్రం నీళ్లలో ముంచి పదును పెడతారు. ఉష్ణం పాఠం రాగానే టీచరమ్మ మమ్మల్ని ఆ కొలిమి దగ్గరికి నడిపించేవారు. "నిప్పులో థర్మామీటరు పెడితే పగుల్తాది. ఇనుమెంత కాగిందో నీళ్లనడగాల" అనేవారు.

మొదటిసారి మేం ఉత్సాహం పట్టలేక మంచి ఉలినే నిలువునా బక్కెట్లో వేసేశాం. అది పెళుసెక్కి, రాయి మీద పెట్టిన మొదటి దెబ్బకే రెండు ముక్కలైంది. శిల్పి ఊరుకుంటాడా? "ఏందమ్మా, పిల్లోళ్లకు సదువు చెప్తాండావా, నా ఉలి ఇరగ్గొట్టిస్తాండావా?" అని కసిరాడు. టీచరమ్మ చేతులు జోడించారు. ఆ తర్వాత ప్రయోగమంతా విరిగిన ముక్కతోనే: దాన్ని ఎర్రగా కాల్చి బక్కెట్టు నీళ్లలో వేసి, నీళ్లెంత వేడెక్కాయో థర్మామీటరుతో చూసేవాళ్లం.

రెండు కిలోల నీళ్లు ఎనిమిది డిగ్రీలు వేడెక్కాయంటే పదహారు వేల కెలోరీలు. రెండొందల గ్రాముల ఇనుము ఒక్కో డిగ్రీ చల్లారితే ఇచ్చేది ఇరవై రెండు కెలోరీలే. అంటే ఇనుము ఏడొందల డిగ్రీలకు పైగా చల్లారినట్టు. అంత ఎర్రగా కాలిన ఇనుముకు అంత రావాలి. మాకేమో లెక్క ఎప్పుడూ ఐదొందల దగ్గరే ఆగేది.

"మిగిలిన వేడి యాడికి పోయిందప్పా?"

"ఆవిరిలో పోయింది మేడం."

"పోనీకుండా చేసి సూపించండి."

ఆమె రిటైరయ్యేదాకా ఎవరూ చూపించలేదు. కలిసినప్పుడల్లా ఆ మాటే అడిగేవారు. ఆ వెలితి ఆమెను నిజంగానే బాధపెట్టింది.

ఇప్పుడు నేను శిరివెళ్లలో సైన్సు టీచర్ని. పోయిన వారం మా పిల్లలు బక్కెట్టుకు గోనెసంచి చుట్టి, ముక్క పడీ పడగానే మూత బిగించారు. ఏడొందలు వచ్చింది! ఎగిరి గంతేశాను.

సమాధి గుంత దగ్గర ఆ సంగతి ఆమె కూతురికి చెప్పాను. కళ్లు తుడుచుకుంటూ, "అమ్మ ఉంటే, బక్కెట్టు గూడా కాగింది గదా, దాన్ని లెక్కలో ఏసినావా అని అడిగుండేదన్నా" అంది.

వేయలేదు. ఆ ఆలోచనే తట్టలేదు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సరిచేసి తెస్తాననడానికి కూడా ఆమె లేరు.

పెట్టె దించారు. ఎండకు మన్ను బాగా కాగి ఉంది. పిడికెడు తీసుకున్నాను గానీ ఆమె మీద వేయడానికి చేయి రాలేదు. అది చల్లారేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.