మసాలా నూరాక ఎగిరిన పొలంక

ఆ రోజుల్లో మా దిక్కున పిట్టలు రెండే జాతులు. కూరకు వచ్చేవి, కూరకు రానివి. కౌజు, పూరేడు, గువ్వ, పొలంక మొదటి జాతి; కాకి, గద్ద, తీతువు రెండో జాతి. పాలపిట్ట ఒక్కటే ఏ జాతిలోనూ చేరకుండా దసరా పూట దండాలు పెట్టించుకుని బతికిపోయేది. ఏడో తరగతి మధ్యలో బడికి దండం పెట్టినవాణ్ణి (లెక్కల సారు కూడా అదే వారంలో నాకు దండం పెట్టారు) అయినా, ఈ శాస్త్రం మాత్రం నాకు కంఠతా వచ్చు. పిట్టను ఊరికే చూసి రావడానికి పెట్రోలు కాల్చుకుంటూ ఊళ్లు తిరిగే మనుషులు ఉంటారని నాకు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజున నా పెళ్లి వెంట్రుకవాసిలో తప్పిపోయేది.

అప్పుడు నేను కొత్తకోటలో ఒక మెకానిక్ షెడ్డులో పని చేసేవాణ్ణి. షెడ్డు బెంగుళూరు రోడ్డు మీదే; ఆ రోడ్డును అప్పట్లో ఏడో నంబరు అనేవాళ్లు. నా పేరు ఏదైనా, షెడ్డులో, ఊళ్లో, చుట్టాల్లో అందరూ నన్ను పిలిచేది రేడియో అని. స్టేషన్ మూసినా నా నోరు మూతపడదని మా ఉస్తాద్ పెట్టిన బిరుదు. ఆ బిరుదే నా పెళ్లికి అడ్డం పడింది. ఇటిక్యాల దగ్గర మాకు వరసకు మామ ఒకాయన ఉండేవాడు. నాలుగెకరాల మెట్ట చెలక, దాని పక్కన రాళ్లదిన్నె, దిన్నె కింద చిన్న నీటిమడుగు, ఇద్దరు కూతుళ్లు. పెద్దామె అత్తగారింటికి పోయింది. చిన్నామె మీద నా మనసు పోయింది. అంతకు ఆరు నెలల ముందు మా అమ్మ వెళ్లి అడిగితే మామ "సూద్దాం" అన్నాడు. తర్వాత ఎవరితోనో "వాని నోరు జర ఆగితే గద, ఆలోచన చేస్తందుకు" అన్నాడని తెలిసింది. అంటే ఒప్పుకోలేదు, కాదనలేదు. గేరు వేయని బండిలా ఉంది నా పరిస్థితి.

శివరాత్రి పోయి ఎండలు మొదలైన రోజులు. పొద్దున ఏడు గంటలకు హైదరాబాద్ కారు ఒకటి ఆవిర్లు కక్కుకుంటూ షెడ్డు ముందు ఆగింది. దిగినవాళ్లు ఇద్దరూ యాభై దాటిన మొగుడూ పెళ్లాలు. ఆయన కాలేజీలో పాఠాలు చెబుతారట, అందుకని సార్. ఆమెను మేడం అన్నాను. రేడియేటర్ విప్పిన ఉస్తాద్ "సాయంత్రం దాకా కాదు" అని చెప్పేశాడు. మేడం మొహం వాడిపోయింది. సార్ సంచిలోంచి లావుపాటి బొమ్మల పుస్తకం తీసి ఒక పేజీ నా ముందు పెట్టారు. పావురమంత పిట్ట, మట్టి రంగు, నేల మీద కూర్చుంటే గులకరాయి అనుకునేటట్టు ఉంది.

"ఇది ఇటువైపు ఉంటుందా బాబూ?"

"పొలంక గద సార్! ఇటిక్యాల దిక్కు మస్తుగుంటయి."

మేడం నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. పెళ్లైన కొత్తలో ఆ పిట్టను చూపిస్తానని సార్ ఆమెకు మాట ఇచ్చారట. రాజస్థాన్ ఎడారి దాకా తీసుకెళ్లారట కూడా. అక్కడ పిట్ట దొరకలేదు, జ్వరం దొరికింది. ఆమె తాను చూసిన ప్రతి పిట్టనూ ఒక నోట్‌బుక్కులో గీస్తారట. పొలంక పేజీ మాత్రం పాతికేళ్లుగా ఖాళీ. ఇదంతా ఆమె చెబుతూ ఉంటే నాకు కళ్లు చెమర్చాయి. పాతికేళ్లుగా ఒక కూర కోసం ఇంత తపించిన మనిషిని నేను చూడలేదు.

"ఎన్ని సరిపోతయి మేడం?"

"ఒక్కటి చాలు బాబూ. కళ్లారా ఒక్కటి." (కడుపారా అనడానికి మొహమాటపడుతున్నారు అనుకున్నాను.)

ఉస్తాద్ తన జీపు ఇచ్చి వీళ్లను తిప్పుకు రమ్మన్నాడు. బండి ఎక్కే ముందు నేను ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి మామ ఊళ్లోని కిరాణా దుకాణానికి ఫోన్ చేశాను. మామ ఎండాకాలంలో వల వేయడంలో దిట్ట. "హైదరాబాద్ పెద్దమనుషులు వస్తుండ్రు, పొలంకలు గావాల్నంట, ఎన్నున్నా సరే అని మా మామకు ఉరికి చెప్పు" అన్నాను. పెద్దమనుషులను వెంటబెట్టుకుని జీపులో దిగితే మామ 'సూద్దాం' మానేసి సరే అంటాడని నా లెక్క. చెప్పాను కదా, లెక్కల సారు నాకు ఊరికే దండం పెట్టలేదు.

దారంతా నా నోరు నడుస్తూనే ఉంది. పొలంక వేపుడుకు బాగుంటుందా, పులుసుకా అనే దాని మీద మా ఇంట్లో జరిగిన తగాదాలన్నీ వర్ణించాను. వాళ్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నిజం చెప్పినప్పుడల్లా జనం నవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, పట్టించుకోలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున జీపు ఆపి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాను. (పెళ్లి కోసం బ్రహ్మచారి దేవుణ్ణి మొక్కడం న్యాయమేనా అని అనుమానం వచ్చింది. కానీ దారిలో ఉన్న దేవుడు ఆయనే.) వెనక్కి వచ్చేసరికి సార్ పొడుగాటి సంచి విప్పుతున్నారు. తుపాకీ అని పొద్దుటి నుంచీ అనుకుంటున్నాను. లోపలి నుంచి మూడు కాళ్ల స్టాండు, ఒక దూరదర్శిని బయటికి వచ్చాయి.

"తుపాకి తేలేదా సార్?"

మళ్లీ నవ్వు. "బలే జోకులు వేస్తావయ్యా" అన్నారు సార్, అద్దం తుడుస్తూ. "మేం ఒక్క ఈక కూడా ముట్టుకోం. దూరం నుంచి చూస్తాం, ఆవిడ బొమ్మ గీసుకుంటుంది, వెళ్లిపోతాం. పోయినేడు ఒకాయన పిట్టలకు వల వేస్తుంటే నేనే ఫారెస్టు వాళ్లకు పట్టించాను."

కృష్ణలో ఉన్న నీళ్లన్నీ నా ఒంట్లోంచే పోయినట్టు నోరు ఎండిపోయింది. జీపులో నా పక్కన కూర్చునే మనిషి వల వేసేవాళ్లను పట్టించే మనిషి. ఎదురుగా పదిహేను మైళ్ల దూరంలో నా మాట విని వల వేసి కూర్చున్న మనిషి నాకు కాబోయే మామ. మధ్యలో స్టీరింగ్ పట్టుకుని నేను. మామ జైలుకు పోతే ఇక 'సూద్దాం' అనే మాట కూడా ఉండదు.

వెంటనే దారి మళ్లించే పనిలో పడ్డాను. "మేడం, ఇంత దూరం వచ్చి గద్వాల చీర కొనకుండ పోతరా?" అన్నాను. "చీరలు బీరువాలో ఉన్నాయి బాబూ, పొలంకే లేదు" అన్నారామె. కోట చూపిస్తానన్నాను. కోట ఎగిరిపోదుగా అన్నారు సార్. ఆ చెలక దగ్గర కుక్కలున్నాయన్నాను. మాకు కుక్కలంటే ప్రాణం అన్నారు. ఆఖరికి జీపు ఆపి, బానెట్ ఎత్తి, ఒక వైరు చాటుగా పీకేసి "బండి ఖరాబైంది" అని చేతులెత్తాను. సార్ దిగి వచ్చి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, ఒక్క నిమిషంలో వైరు తగిలించారు. "ఫిజిక్సు చెబుతానులే" అన్నారు. షెడ్డులో పని చేసేవాడికి బండి చెడగొట్టడం కూడా రాలేదని ఆ రోజే తేలింది.

చెలక ఇంకా కనపడకముందే మసాలా వాసన తగిలింది. ఎల్లిపాయ, ఎండుమిర్చి, ధనియాలు. "ఆహా, ఎవరో వంట చేస్తున్నారు" అన్నారు మేడం. గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి, పక్కన రోలు, రోలు దగ్గర మామ చిన్నకూతురు. నన్ను చూసి ఓరగా నవ్వింది. ఇంకో రోజైతే ఆ నవ్వును నెల రోజులు దాచుకునేవాణ్ణి. మామ తడిగుడ్డ కప్పిన వెదురుబుట్టతో ఎదురొచ్చాడు. నేను వెనక నుంచి కన్ను కొట్టాను, తల ఊపాను, చేత్తో వద్దు వద్దు అన్నాను.

"ఏందిరా, నా బిడ్డ ముంగటనే కన్ను కొడుతున్నవ్?" అని మామ గట్టిగా అరిచి, వెంటనే అతిథుల వైపు తిరిగి ఎంతో మర్యాదగా గుడ్డ తీశాడు. "దండాలు సార్, దండాలమ్మా. యాళ్ల తక్కువైంది, గీ మూడే దొరికినయ్. సాలకుంటె కోడి గూడ ఉంది."

మూడు పొలంకలు బుట్టలో ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. సార్ మొహం ఎర్రబడింది. మేడం అక్కడే గులకరాళ్ల మీద కూలబడ్డారు. పాతికేళ్లు వెతికిన పిట్ట మసాలా పక్కన దొరికింది మరి.

"వీటిని పట్టమని ఎవరు చెప్పారు?" అన్నారు సార్.

మామ నన్ను చూశాడు. ఆయన కూతురు రోలు ఆపి నన్ను చూసింది. పొలంకలు కూడా నన్నే చూసినట్టు అనిపించింది. "నేనే సార్" అన్నాను. "చూస్తమంటే తింటమని అనుకున్న. మా దిక్కు కారులొచ్చి పిట్టలు అడిగినోళ్లు ఎవ్వరు ఊకె సూసి పోలే. మామ తప్పేం లేదు. పట్టిస్తే నన్ను పట్టియ్యిన్రి." అంత చిన్న ప్రసంగం నేను జీవితంలో చేయలేదు.

సార్ ఇంకా ఏదో అనబోతుంటే మేడం బుట్ట మీదికి వంగారు. "ఈ మగపిట్ట పొట్ట చూడండి, తడిసి ఉంది" అన్నారు. "పిల్లలకు నీళ్లు తీసుకెళుతోంది."

మామ తల దించుకున్నాడు. "ఎరుకనే అమ్మా. మడుగుల కూసోని కడుపుకింది ఈకలు తడుపుకుంటది, గా తడి పిల్లలు తాగుతయి. కడుపు తడి ఉన్నదాన్ని మా నాయిన పట్టలే, నేను పట్టలే. ఇయ్యాల పెద్దమనుషులొస్తుండ్రని వీడు తొందర వెడితె వలల పడ్డది. సంపబుద్ధి గాలే. తడి ఆరొద్దని గుడ్డ తడిపి కప్పిన. గాని అతిథులకు మాటిచ్చి ఉత్త చేతుల్తోని ఎట్ల నిలబడాలె?"

"నాయిన, ఇడిసిపెట్టు" అంది రోలు దగ్గరి నుంచి కూతురు. "పిల్లలు ఎండల ఉంటయి. బావ మాటకు బావనే సిగ్గుపడ్తడు తియ్యి."

మామ బుట్ట నేల మీద పెట్టి మూడింటినీ ఒక్కొక్కటిగా వదిలాడు. రెండు మడుగు మీదుగా పోయాయి. తడి పొట్టది మాత్రం ఒక చుట్టు తిరిగి, గొంతులో ఏదో గులగులమంటూ రాళ్లదిన్నె వైపు పోయింది. "గా రాతిగుండు కాడ. మొన్ననే పిల్లల్ని సూసిన" అన్నాడు మామ. అందరం జీపెక్కాం. మామ సార్ పక్కన కూర్చుని దారి చెబుతుంటే, సార్ మెల్లగా పోనిమ్మని నాకు సైగ చేశారు. గుండుకు దూరంగా ఆపి, కిటికీలోంచి దూరదర్శిని పెట్టుకుని కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు కానీ, ఆ సేపంతా నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాను. పిట్ట అక్కడ దిగకపోతే, దిగినా ఆ పొట్ట ఆరిపోయి ఉంటే, ఆ గులకరాళ్లలో ఉన్న పసివాటికి నేను ఏం సమాధానం చెప్పాలి?

మేడం హఠాత్తుగా సార్ భుజం గట్టిగా పట్టుకున్నారు. పిట్ట గుండు పక్కన దిగి నిటారుగా నిలబడింది. గులకరాళ్లే అనుకున్నవి రెండు లేచి పరుగెత్తుకొచ్చి, దూడలు పొదుగులో తల దూర్చినట్టు దాని పొట్ట ఈకల్లో ముక్కులు దూర్చాయి. అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం. మేడం మామను దూరదర్శిని దగ్గరికి జరగమన్నారు. ఆయన చాలాసేపు చూసి, తలగుడ్డతో కళ్లు తుడుచుకుని "పుట్టినకాడి నుంచి ఎరుకనే గాని, గింత దగ్గరకెళ్లి ఎన్నడు సూడలే" అన్నాడు. సార్ ఆయన చెయ్యి పట్టుకుని "ఇది చూడ్డానికి మేం ఎడారి దాకా పోయాం. మీరు కాపలా కాస్తే ఏటా ఇక్కడికే వస్తాం. వల మాత్రం వద్దు" అన్నారు. ఫారెస్టు మాట ఇంక ఎత్తలేదు. మామ ఆ వల మళ్లీ వేయలేదు. టమాట తోటకు అడ్డం కట్టాడు.

గుడిసెకు తిరిగొచ్చాక అందరికీ ఆకలి గుర్తొచ్చింది. నూరిన మసాలా రోట్లో అలాగే ఉంది. సార్ కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని "ఇందాక కోడి ఉందన్నారు కదా?" అని అడిగారు.

కోడి పిట్ట కాదా సార్ అనే ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి, పళ్ల దగ్గర నిలబడింది. దాన్ని అక్కడే మింగేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. మామ నా వైపు ఒక నిమిషం పరీక్షగా చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగి "ఏమే, వీనికి నోరు మూసుకునుడు గూడ వస్తదే! మీ అత్తకు సరే అని కబురు పంపుత" అన్నాడు. ఆమె "ఎప్పటిదాక మూసుకుంటడో సూడు నాయిన" అంది గానీ కాదనలేదు. (నా పళ్లెంలో రెండు ముక్కలు ఎక్కువే పడ్డాయి. అవి మామ చూడలేదు.)

ఇప్పుడా దిన్నె సగం పత్తి విత్తనాల చేను అయింది. మామ లేడు, మడుగు ఉంది. ఎండలు మొదలవగానే నేనూ మా ఆవిడా బండి మీద పోయి గట్టు చాటున కూర్చుంటాం. పిట్టలు తగ్గాయి, ఒక్కో ఏడాది రెండు, ఒక్కో ఏడాది ఏవీ ఉండవు. వచ్చినప్పుడు ముందు ఆమెకే కనపడతాయి. నేను నోరు తెరిచేలోపే "మాట్లాడకు, ఎగిరిపోతయి" అంటుంది. మా పెళ్లికి మేడం పోస్టులో పంపిన బొమ్మ మా ఇంట్లో గోడ మీద ఉంది. మధ్యలో పొలంక, దాని పొట్ట కింద రెండు పిల్లలు, మూలన చిన్న జీపు, జీపులో నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఒక కుర్రవాడు. చూసిన చుట్టాలందరికీ మా ఆవిడ వివరంగా చెబుతుంది. పిట్టలన్నీ చూసి గీసినవేనట, నోరు మూసుకున్న ఆ కుర్రవాడిని మాత్రం ఊహించి గీశారట.