ఈ చీరలు ఎవరు ఎంచారు?

మా అమ్మ ట్రంకుపెట్టెలో అయిదు నేత చీరలుండేవి. వెంకటగిరిది ఒకటి, గద్వాలది ఒకటి, ఉప్పాడ, పోచంపల్లి, మంగళగిరివి మూడు. అన్నీ మా నాయన తెచ్చినవే. ఆయన లారీ డ్రైవరు. నిమ్మకాయలో పొగాకో లోడు ఎత్తుకుని ఉదయగిరి నుంచి వారాల తరబడి పోయేవాడు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మాత్రం, తిరిగొచ్చినప్పుడు సంచిలోంచి చీర తీసి మంచం మీద పెట్టేవాడు. అమ్మ దాన్ని విప్పి, అంచు చూసి, కొంగు చూసి, మళ్లీ మడిచి పెట్టెలో పెట్టేది. ఒక్కటి కూడా కట్టలేదు.

ఎందుకు కట్టవని నేను అడిగింది తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు. అమ్మ గేదెకు కుడితి కలుపుతూ చెప్పింది.

"మీ నాయనకి అంచేదో కొంగేదో తెలవదు. ఆయన కంటికి ఇంత నెమ్మదైన రంగులు ఆనతాయా? ఎవతో ఏరి ఇచ్చినాది. ఆమె ఏరిన చీర నేను కట్టాల్నా?"

ఆ మాట తీసిపారేయడానికి లేదు. వాళ్ల పెళ్లయిన కొత్తలో నాయన మొదటిసారి తెచ్చిన చీర చిలకపచ్చ రంగుకు వంకాయ రంగు అంచు. నేత చీర అని రోడ్డు పక్కన ఎవరో అంటగట్టిన మిల్లు చీర. దాన్ని చూసి అమ్మా, అమ్మ అక్కచెల్లెళ్లూ కడుపుబ్బ నవ్వారట. ఆ చీరను మాత్రం అమ్మ చిరిగేదాకా కట్టింది. అటువంటి మనిషి తరవాత తెచ్చిన చీర వెంకటగిరిది. పాలమీగడ లాంటి తెలుపు, సన్నటి జరీ అంచు, కొంగు మీద రెండు హంసలు. ఇంతలోనే ఆయనకు ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందని అమ్మ ప్రశ్న.

ఇంకో సంగతి కూడా ఉంది. దూరపు లోడుకి ఇద్దరు డ్రైవర్లు పోతారు. నాయనతో ఏళ్ల తరబడి పోయిన రెండో డ్రైవరును మేము లారీ కిటికీలోంచి చెయ్యి ఊపడమే చూశాం. తక్కిన డ్రైవర్లంతా మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లే. ఈయనను ఒక్కనాడు కూడా నాయన గడప తొక్కనియ్యలేదు. ఆయన నోరు జారితే గుట్టు బయటపడుతుందని భయం కాబట్టే తీసుకురావడం లేదని అమ్మ లెక్క వేసింది. నాకూ అదే నిజమనిపించింది.

నేను పెళ్లయి ఆత్మకూరు వచ్చి, బస్టాండుకు దగ్గర్లో టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. జాకెట్లు, ఫాల్సు, పికో. అనుమానం నా వృత్తిలోనే ఉంది. గుడ్డ మారిపోయిందని, మీటరు తక్కువైందని ఆడవాళ్లు నన్ను అనుమానిస్తారు. చెప్పిన రోజుకు వస్తారో రారో అని నేను వాళ్లను అనుమానిస్తాను. ఈలోగా నాయన చక్కెర జబ్బుతో కంటిచూపు మందగించి లారీ మానుకున్నాడు. ఇక ఎక్కడికీ పోడు కదా అని అమ్మ కొంచెం నెమ్మదించింది.

మొన్న ఎండాకాలం నేను ఉదయగిరి పోయినప్పుడు అమ్మ ఆ అయిదు చీరలూ సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. ఎవరికైనా ఇచ్చెయ్యమంది, లేకపోతే అమ్ముకోమంది, తన కళ్ల ముందు మాత్రం ఉండొద్దంది. నాయన అరుగు మీద కూర్చుని విననట్టే ఉన్నాడు.

షాపులో బల్ల మీద గద్వాల చీర విప్పుతుంటే మడతలోంచి సిగరెట్టు పెట్టె అట్టముక్క ఒకటి జారి పడింది. వెనకవైపు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఒళ్లు నూలు, అంచు పట్టు. విడిగా చల్లనీళ్లలో ఉతకాలి. ఎండలో ఆరెయ్యొద్దు."

నాయన సంతకం పెట్టడానికే అయిదు నిమిషాలు తీసుకునే మనిషి. ఇన్నేళ్లూ అమ్మది ఉత్త అనుమానమేమో అని నాలో ఎక్కడో చిన్న ఆశ ఉండేది. ఆ అక్షరాలు చూశాక అదీ పోయింది. ఇంత ప్రేమగా ఉతుకు గురించి రాసింది ఆడమనిషి కాక ఎవరు?

అప్పుడు నాకు ఇంకొకటి తట్టింది. నాయన నెలకోసారి కంటి మందుల కోసమని ఆత్మకూరు వస్తాడు. పొద్దున తొమ్మిది గంటల బస్సుకు దిగుతాడు. నా షాపుకు వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. మందుల షాపు నా షాపుకు నాలుగు అంగళ్ల అవతల ఉంది. మూడు గంటలు ఆయన ఏం చేస్తున్నట్టు? ఒకసారి అడిగాను. డాక్టరు దగ్గర జనం ఎక్కువన్నాడు. ఆ డాక్టరు ఆ వారం ఊళ్లోనే లేడని నాకు తెలుసు.

మరుసటి నెల నేను షాపు తియ్యకుండా టీ అంగడి పక్కన నిలబడ్డాను. నాయన బస్సు దిగాడు. కర్ర ఆనించుకుంటూ, ఒక పండ్ల బండి దగ్గర ఆగి అరటిపండ్లు కొన్నాడు. నా పిల్లలకు ఒక్కనాడూ అరటిపండ్లు తెచ్చిన గుర్తు లేదు. మెయిన్ రోడ్డు దాటి ఒక సందులోకి తిరిగాడు. నేను చెంగు తల మీదికి లాక్కుని వెనకే పోయాను. కన్నతండ్రిని దొంగలా వెంబడిస్తున్నానని సిగ్గుగా ఉన్నా కాళ్లు ఆగలేదు.

సందు చివర రేకుల ఇల్లు. తలుపు తట్టాడు. మా అమ్మ వయసు మనిషి ఒకామె తీసింది. ఆయన చేతిలోని పండ్లు తీసుకుని, చాలా చనువుగా, ఈసారి ఆలస్యమైందేమని అడిగింది. ఆయన నవ్వాడు. మా ఇంట్లో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. తలుపు మూసుకోకముందే పోయి గడప మీద నిలబడ్డాను.

లోపల కిటికీ వెలుతురులో, చాప మీద ఒక పెద్దాయన కాలు చాపుకుని కూర్చున్నాడు. మోకాలి కింద ఆ కాలు వంకరగా ఉంది. ఒళ్లో ఎవరిదో పట్టుచీర. చిన్న సూదితో చిరుగు మీద దారం దారం కలుపుతూ రఫ్ఫు చేస్తున్నాడు. నన్ను చూసి సూది ఆపాడు. పక్కన గోడకున్న క్యాలెండరు మీద చీరల కొలతలు రాసి ఉన్నాయి. అవే గుండ్రటి అక్షరాలు.

ఆయనే ఆ రెండో డ్రైవరు. తలుపు తీసింది ఆయన భార్య.

నాయన తల దించుకున్నాడు. చెప్పిందంతా ఆ పెద్దాయనే. వాళ్లది వెంకటగిరిలో తాతల నాటి నుంచి నేత ఇల్లు. మగ్గం మీద బతుకు గడవక ఆయన స్టీరింగు పట్టాడు. ఏ ఊళ్లో లోడు దించినా సాలెవాళ్ల వీధి ఎక్కడుందో కనుక్కుని, మగ్గాల మీది నేత చూసి వస్తే గాని ఆయనకు అన్నం సయించేది కాదు. మొదటి చీర చూసి అమ్మ నవ్విందన్న బాధ నాయన లారీలో ఆయనకు చెప్పుకున్నాడట. అప్పటి నుంచి నాయన కోసం చీరలు ఆయనే ఎంచాడు. లారీ బోల్తా పడి కాలు విరిగాక భార్య తరఫు వాళ్లు ఉన్న ఈ ఊళ్లో రఫ్ఫు పని చేసుకుంటున్నాడు.

"మరి అమ్మకి ఆ మాట చెప్పొచ్చు కదా నాయనా?" అన్నాను.

నాయన కర్ర పిడి తడుముకున్నాడు. "నేనే ఎంచినానని అనుకోవాలని ఉండింది" అన్నాడు. "ఈయప్ప ఇంటికొస్తే చెప్పేస్తాడని తీసుకరాలేదు. మీయమ్మకి చెప్పబాక."

నేను ఆయన మాట వినలేదు. మరుసటి బస్సుకే ఉదయగిరి పోయి అమ్మకు చెప్పాను. ఆమె ముఖం తేలికపడుతుందనుకున్నాను. ఆమె నన్నే అనుమానంగా చూసింది.

"మగోడు ఏరినాడా? మీ నాయన నిన్నుగూడా మాటల్లో పెట్టినాడు. ఆ మనిషిని నా ముందుకు తీసకరా."

ఆదివారం ఆటో మాట్లాడి పెద్దాయననూ ఆయన భార్యనూ ఉదయగిరి తీసుకుపోయాను. నాయన గేదెను తోలుకుని కొండవైపు పోయాడు. నేను చీరల సంచి అమ్మకు ఇచ్చాను. ఆమె మంచినీళ్లయితే ఇచ్చింది గాని కుశలం అడగలేదు. ఒక చీర తీసి, కొంగు లోపలికి మడిచి, అంచు కూడా దాచిపెట్టి, జానెడు గుడ్డ మాత్రమే కనబడేట్టు ఆయన ముందు పెట్టి ఎక్కడిదో చెప్పమంది.

ఆయన చూడలేదు. కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య రుద్దాడు. "మంగళగిరిది వదినా. గుంట మగ్గం నేత. ఒంటి మీద పువ్వు ఉండదు, అంచు దగ్గిర ఉండాది దీని అందమంతా."

రెండోది పోచంపల్లిది. దారానికి ముందే ముడులు కట్టి రంగు ముంచుతారని, అందుకే పువ్వు చివర కొంచెం కరిగినట్టు ఉంటుందని చెప్పాడు. ఉప్పాడ చీర తిరగేసి, వెనకవైపు కూడా పువ్వు అంతే శుభ్రంగా ఉండటం చూపించాడు. గద్వాల చీరలో నూలూ పట్టూ కలిసే అతుకు మీద అమ్మ వేలు పెట్టించాడు. అది తీసుకున్న రోజు వాన కురుస్తుంటే చీర తడవకుండా నాయన చొక్కా విప్పి చుట్టాడని కూడా చెప్పాడు. అమ్మ ఆయన భార్య వైపు చూసి, కాఫీ తాగుతారా అని అడిగింది.

చివరికి వెంకటగిరి చీర ఇచ్చింది. ఆయన దాన్ని పూర్తిగా విప్పి వెలుతురుకు పట్టాడు. మడత పడిన ప్రతి చోటా సన్నటి గీతలాగా గుడ్డ విడిపోయి ఉంది. హంస మెడ దగ్గర జరీ తెగిపోయింది.

"ఎన్నాళ్లు మడత మార్చకుండా పెట్టినారు?" అని అడిగాడు.

"పెట్టినప్పటి నుంచి" అంది అమ్మ.

"ఇది మా మేనమామ నేసినాడు వదినా" అన్నాడాయన.

అమ్మ ఆ గీతల మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమె కంట్లో నీళ్లు తిరిగాయో లేదో నేను చెప్పలేను. ముఖం పక్కకు తిప్పుకుంది. నాయన గేదెతో తిరిగొచ్చి కొట్టం దగ్గరే నిలబడిపోయాడు. అమ్మ ఆయనను కేకేసి, చేతులు కడుక్కుని రమ్మంది. ఆ రోజు అయిదుగురం కలిసి అన్నం తిన్నాం. పెద్దాయనకు పెరుగు ఆమె తన చేత్తోనే వేసింది.

పోయేముందు ఆయన వెంకటగిరి చీర అడిగాడు. రెండు నెలలు పడుతుందనీ, గీతలన్నీ కలుపుతాననీ, హంసకు మెడ కూడా వేస్తాననీ అన్నాడు. అమ్మ సంచిలో పెట్టి ఆయన భార్య చేతికివ్వబోయి ఆగింది. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"ముందు నీ ఫోన్లో ఫోటో తీసుకో. అంచు, కొంగు, అన్నీ పడాల. రెండు నెల్లంటే మాటలా, ఏ చీర తిరిగొస్తాదో ఎవురికి తెలుసు?"

తీశాను. ఒకటి సరిగ్గా పడలేదని మళ్లీ తీయించింది.