గొలుసు కర్ర, కొత్త రిసీవరు

మా కార్వర్స్ బెండ్‌లో ఎవరింట్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చెడిపోయినా వెండెల్ హ్రూస్కాకే కబురు వెళుతుంది. పిలిస్తే ఏ వేళకైనా వస్తాడు, శుక్రవారం సాయంత్రం తప్ప. ఆ పూట కొండల మీద మంచు పడి ఊరంతా కొయ్యబారిపోతున్నా సరే, వెండెల్ హైస్కూలు మైదానంలోనే ఉంటాడు. ఒంటి మీద నారింజరంగు చొక్కా, చేతిలో గొలుసు కర్ర. కూతురి పెళ్లిని సైతం శనివారానికి మార్పించిన ఘనుడు.

బంతిని చేత్తో పట్టి ఆడే మా ఫుట్‌బాల్‌లో జట్టు పది గజాలు ముందుకు జరిగిందో లేదో తేల్చేది మా గొలుసే. ఒక కొసన కర్ర అతనిది, రెండో కొసన కర్ర నాది. ఆటగాళ్ల చెమట మా మీద పడేంత దగ్గరగా, గీత పక్కనే నిలబడతాం. అందుకు ఒక కట్టడి ఉంది. గొలుసు పట్టినవాడు ఏ జట్టు మనిషీ కాడు. అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. కడుపున పుట్టినవాడే గెలిపించినా గుటక మింగి ఊరుకోవాలి.

వెండెల్ అరిచేవాడు కాడు. గొణిగేవాడు. ఆ గొణుగుడు మైదానం అవతలి అంచు దాకా వినపడేది.

అంతా డేరియస్ పోప్ వల్ల వచ్చింది. వాడు మా జట్టు రిసీవరు. ఎంత దూరం నుంచి విసిరిన బంతినైనా పరుగు ఆపకుండా అందుకునేవాడు. వేసవిలో వాళ్ల నాన్నకు నది అవతల ఉద్యోగం దొరికింది. కుటుంబమంతా వంతెన దాటి వెళ్లింది, డేరియస్ వెస్ట్‌బ్రిడ్జ్ జట్టులో చేరాడు. వాడి చోటు బేకరీ జూన్ కొడుకు ఎమెట్‌కు వచ్చింది. సన్నగా, చెవులు బయటికి పెట్టుకుని, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ పరిగెత్తే కుర్రాడు.

చచ్చిన గేదె కడివెడు పాలిచ్చేదంటారు. ఇక్కడ గేదె చావలేదు, నది దాటిందంతే. అయినా పాలు రోజురోజుకూ పెరిగిపోయాయి.

"డేరియస్ అయితే ఈ బంతి ఒంటిచేత్తో పట్టేవాడు," అనేవాడు వెండెల్.

"పోయినేడాది ఇలాంటిదే వాడు వదిలేస్తే నువ్వే కదయ్యా తిట్టావు?" అనేవాణ్ని నేను.

"అది గాలి తప్పు రా, రస్."

"ఇవాళ గాలి లేదా?"

"ఉంది. కానీ ఈ గాలి అంత గట్టిది కాదు."

జూన్ చెవిన ఈ మాటలు పడకుండా ఎలా ఉంటాయి? ఆట రోజున ఆవిడ జనం కూర్చునే మెట్ల దగ్గర పెప్పరోని రొట్టెలు అమ్ముతుంది. ఒకసారి వెండెల్ వెళ్లి చేయి చాపితే, "డేరియస్ వాళ్లమ్మ చేస్తే ఇంకా బాగుంటాయేమో, వంతెన దాటి వెళ్లి తినిరా పోవయ్యా!" అంది. వెండెల్ మూతి ముడుచుకుని వచ్చేశాడు. ఆకలి మాత్రం నా రొట్టెతో తీర్చుకున్నాడు.

చివరి ఆట వెస్ట్‌బ్రిడ్జ్‌తోనే పడింది. మొదలుకాకముందే రెఫరీ మా దగ్గరికి వచ్చాడు. "వెండెల్, నీ గొణుగుడు గురించి రెండు జట్లూ ఫిర్యాదు చేశాయి. ఇవాళ ఒక్క మాట వినపడినా కర్ర ఇచ్చేసి వెళ్లాలి. మళ్లీ ఈ గీత దగ్గరికి రాలేవు," అన్నాడు. వెండెల్ మొహం పాలిపోయింది. ఆ కర్ర లేకపోతే శుక్రవారాలు ఏం చేసుకుంటాడో అతనికే తెలియదు. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది.

అవతలి జట్టు నీలం చొక్కాలో డేరియస్ పరిగెత్తుకుంటూ వచ్చి, "బాగున్నావా, వెండెల్?" అన్నాడు. ముసలాడు వెన్నలా కరిగిపోయాడు. జవాబు చెప్పొచ్చో కూడదో తెలియక రెఫరీ వంక చూసి తల మాత్రం ఊపాడు.

ఆట చివరికొచ్చింది. మేం వెనకబడి ఉన్నాం. ఈ బంతి అందకపోతే కథ ముగిసినట్టే. మావాడు బంతిని సరిగ్గా మా వైపే, గీత అంచుకు విసిరాడు. ఆట మీదికి వస్తుంటే కర్ర కింద పడేసి వెనక్కి తప్పుకోవడం మా పనిలో మొదటి పాఠం. డేరియస్ కాలంలో బంతి గాల్లో ఉండగానే తప్పుకునేవాళ్లం. నేను తప్పుకున్నాను. వెండెల్ కదల్లేదు.

"తప్పుకో!" అన్నాను.

"వాడిక్కడి దాకా ఎక్కడొస్తాడు రా?" అన్నాడు గుసగుసగా.

వచ్చాడు. ఆ మోకాళ్లతోనే వచ్చి, ఒళ్లంతా సాగదీసి, బంతిని వేళ్ల కొసలతో లాక్కున్నాడు. ఒక పాదం గీత లోపల ఆనించి, అదే ఊపులో వెండెల్ మీద పడ్డాడు. మనిషి, కర్ర, గొలుసు, కుర్రాడు, అన్నీ ఒక కుప్ప. కుప్పలోంచి ఎమెట్ చేయి పైకి లేచింది, అందులో బంతి ఉంది. పట్టు చెల్లిందని రెఫరీ చూపించాడు.

"దెబ్బ తగిలిందా సార్?" అన్నాడు ఎమెట్ పక్కకు దొర్లుతూ.

వెండెల్ వెల్లకిలా పడి ఉండగానే కేకపెట్టాడు. మాట కాదు, వట్టి కేక. ఇన్నేళ్లూ మింగిన గుటకలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి.

రెఫరీ పరిగెత్తుకొచ్చాడు. కింద పడ్డ మనిషిని చూసి మెత్తబడ్డాడు. "నొప్పికి అరిచావు కదూ, వెండెల్? నొప్పికైతే ఫరవాలేదు. కర్ర తీసుకో."

అవునంటే సరిపోయేది. అవునను, అవునను అని నేను కళ్లతో బతిమాలాను. వెండెల్ లేచి, మోకాలు దులుపుకుని, కర్రను ఒకసారి పైనుంచి కిందికి తడిమి చూశాడు. తర్వాత నారింజరంగు చొక్కా విప్పి నా చేతిలో పెట్టాడు. అతని కళ్లు తడిశాయి.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"తిట్టాలంటే ఇక్కడ గొణిగితే సరిపోయింది రా, రస్," అన్నాడు. "ఈ పిల్లాణ్ని మెచ్చుకోవాలంటే గొణుగుడు చాలదు."

కుంటుకుంటూ జనం కూర్చున్న మెట్ల వైపు నడిచాడు. అక్కడికి చేరేదాకా కూడా ఆగలేదు, దారిలోనే అరవడం మొదలుపెట్టాడు.